స్టో తోటలో ఉత్తుత్తి గుళ్ళు: ఎలా తీసినా రిసెప్షన్ ఫ్లెక్సీలాగే వస్తున్నాయి

కీన్స్_కెమెరా
మిల్టన్ కీన్స్‌లో ఉంటాను. బకింగ్‌హమ్ పక్కనున్న స్టో తోట మాకు అరగంట డ్రైవ్. ఏప్రిల్ నుంచి ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. ఆరువందల పైచిలుకు ఫోటోలు తీశాను. పల్లాడియన్ వంతెన, గోథిక్ టెంపుల్, రోటండో, కొరింథియన్ ఆర్చీ, ఒక్కటీ వదల్లేదు. అక్కడ నిలబడి చూస్తుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఇంటికొచ్చి పెద్ద తెర మీద పెడితే ఉసూరుమంటుంది. నిన్న మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసి "ఇదేంటి, మన రిసెప్షన్‌లో స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీలా ఉంది" అంది. ఇంక అప్పట్నుంచి నా కంటికి కూడా అన్నీ ఫ్లెక్సీలే. నేనెక్కడ తప్పు చేస్తున్నానో కాస్త చెప్పండి. మొహమాటం వద్దు.

పాత_నికాన్
ఏ లెన్సు, ఏ టైము, ఎక్కడ నిలబడి తీశావు? ఇవేం చెప్పకుండా ఒళ్ళు పులకరించిందంటే ఎలా? రెండు ఫోటోలు పెట్టు.

కీన్స్_కెమెరా
@పాత_నికాన్ పెట్టాను, చూడండి. 24-70 లెన్సు, రెండూ 24 దగ్గరే తీశాను. టైము అంటారా, పిల్లలు లేచి, తిని, చెప్పులు వెతుక్కుని కారెక్కేసరికి పదకొండున్నర. గేటు దాటేసరికి పన్నెండు దాటుతుంది.

కోఠి_కుర్రోడు
ఫోటోలు చూసిన. గిదేం గుడన్నా? లోపట దేవుడు లేడు, ముంగట కొబ్బరికాయల దుకాణం లేదు, చెప్పుల స్టాండు లేదు. అందుకే ఖాళీగ కొడుతుంది.

రీడింగ్_రమ
@కోఠి_కుర్రోడు నవ్వులాటకి అన్నా అసలు సంగతి అదే. వీటిని ఇక్కడ ఫాలీలంటారు. మన మాటలో ఉత్తుత్తి కట్టడాలు. పూజకీ పనికిరావు, కాపురానికీ పనికిరావు. ఎక్కడో దూరంగా నిలబడినవాడి చూపుని పట్టి లాగడానికి కట్టినవి. స్టో యజమాని కాబ్‌హమ్ ప్రభువు, అసలు పేరు రిచర్డ్ టెంపుల్. ఆ వంశం వాళ్ళ లాటిన్ నినాదానికి అర్థం "నీ ఆలయాలు ఎంత రమ్యమైనవో" అని. ఇంటిపేరు టెంపుల్ కదాని తోటంతా టెంపుల్స్ కట్టించాడు. ఇంటిపేరు మీద అంత ఖరీదైన శ్లేష ఇంకొకటి ఉండదేమో.

గోదారి_గట్టు
మా ఇంటిపేరులో తాటిచెట్టుందండి. బ్రిస్టల్లో బాల్కనీ మీద కొత్తిమీర కూడా రావట్లేదు.

పాత_నికాన్
ఫోటోలు చూశాను. తప్పు నీది కాదు, నీ కాళ్ళది. ప్రతిదాని దగ్గరికీ నడిచి వెళ్ళిపోయి, ఎదురుగా నిలబడి, 24 పెట్టి మొత్తం ఇరికించావు. ఆ లెన్సుతో ముందున్న గడ్డి ఎకరమంత అవుతుంది, ఆకాశం రెండెకరాలవుతుంది, మధ్యలో గుడి అగ్గిపెట్టెంత మిగులుతుంది. రమ చెప్పింది చదివావు కదా, అవి దూరం నుంచి చూడ్డానికి కట్టినవి. నువ్వు పొలంలో దిష్టిబొమ్మ దగ్గరకెళ్ళి దాని మొహం తీస్తున్నావు.

ఈసారి గుడిని గుడి ముందు నుంచి తియ్యకు. ఇంకో గుడిలోంచి తియ్యి. ఆ తోటలో ఏ మెట్టు మీద కూర్చున్నా ఇంకో కట్టడం ఎక్కడో చెట్ల సందులోంచి కనబడుతుంది. కావాలనే అలా కట్టారు. అక్కడ కూర్చో. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు తగిలించి 85 పెట్టు, 135 పెట్టు, ఉంటే 200 పెట్టు. దగ్గరున్న స్తంభం అంచు ఒక పక్క నల్లగా రానియ్యి. అప్పుడు మధ్యలో ఉన్న చెట్లూ నీళ్ళూ అన్నీ ఒకదాని మీద ఒకటి పొరలుగా దగ్గరికొస్తాయి. అప్పుడిక ఫ్లెక్సీలా కనబడదు.

ఇంకోటి. తెల్ల సున్నపురాయి, వెనక నల్లటి యూ చెట్లు. కెమెరా మీటరు ఆ నలుపు చూసి కంగారుపడి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. రాయి మీద నునుపు, పగుళ్ళు, నాచు అన్నీ తెల్లగా కొట్టుకుపోతాయి. నీ రెండో ఫోటోలో రోటండో స్తంభాలు సబ్బుతో చేసినట్టున్నాయి. ముప్పావు స్టాపు తగ్గించి తియ్యి. తెర మీద వెలుగు కొలత చూపే గ్రాఫు ఉంటుంది, హిస్టోగ్రామ్, అది కుడి గోడకి తగలకుండా చూసుకో.

కీన్స్_కెమెరా
సబ్బు మాట మా ఆవిడకి చెప్పను గురువుగారూ.

గోదారి_గట్టు
వేళ గురించి నేను చెప్తానండి, ఎందుకంటే రెండుసార్లు మోసపోయాను. స్టో కాదు, మాకు దగ్గరది విల్ట్‌షైర్‌లో స్టౌర్‌హెడ్. బ్యాంకు వంశంలో పుట్టిన హెన్రీ హోర్ అనే ఆయన ఏటికి అడ్డుకట్ట వేసి చెరువు చేసి, చుట్టూ గుళ్ళు పెట్టించాడు. ఊరి వైపు నుంచి లోపలికి వెళ్ళగానే కేలండర్ ఫోటో కనిపిస్తుంది. ముందు అయిదు కమానుల రాతి వంతెన, వెనక చెరువు, అవతలి గట్టున పాంథియన్. ఆ గుడి పడమటి గట్టు మీద తూర్పుముఖంగా ఉంది. అంటే పొద్దున్న ఎండ సరిగ్గా దాని మొహాన పడుతుంది. నాకా సంగతి తెలీక, సాయంత్రం బంగారు రంగు ఎండ బాగుంటుందని మూడింటికి బయల్దేరి వెళ్ళాను. సూర్యుడు గుడి నెత్తి మీద కూర్చున్నాడు. పాంథియన్ మొత్తం బొగ్గు.

రెండోసారి గేటు తెరిచేసరికే అక్కడున్నాను. అక్టోబరు చివర, గాలి లేదు, చెరువు అద్దంలా ఉంది. నేను కొత్తగా కొన్న పోలరైజర్, అంటే మెరుపుని తగ్గించే ఫిల్టరు, గర్వంగా బిగించి, ఆకులు ఎర్రగా కనిపించేదాకా తిప్పి నలభై ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే నీళ్ళలో గుడి లేదు! పోలరైజర్ ఆకుల మెరుపుతో పాటు నీళ్ళలో నీడని కూడా తినేసింది. అంత పొద్దున్నే లేచింది ఆ నీడ కోసమే కదండీ.

కోఠి_కుర్రోడు
పైసలిచ్చి మరీ గుడి మాయం చేసుకున్నవ్ అన్నా.

రీడింగ్_రమ
@గోదారి_గట్టు ఆ వంతెన పక్కనే సన్నగా పొడుగ్గా రాతి శిలువస్తంభం ఉంటుంది చూశారా? అది మీ ఊరిదే. బ్రిస్టల్ నడిరోడ్డు మీద మూడు వందల ఏళ్ళకు పైగా నిలబడిన హై క్రాస్. దారికి అడ్డమని ఊరివాళ్ళు విప్పేస్తే హోర్ గారు రాళ్ళన్నీ తెప్పించుకుని తోటలో నిలబెట్టుకున్నారు.

గోదారి_గట్టు
అయ్యో, దానికి కెమెరా బ్యాగు తగిలించి మరీ లెన్సు మార్చుకున్నానండి. మా ఊరి ఆడపడుచని తెలీదు.

బెత్తం_మాస్టారు
అందరూ ఒక మాట మర్చిపోతున్నారు. @పాత_నికాన్ చెప్పినట్టు ఈ గుడిలోంచి ఆ గుడిని తీస్తే వచ్చేది ఎవరి ఫోటో? ఆ తోటకి రూపం దిద్దిన విలియం కెంట్ 1730ల్లో ఎక్కడ నిలబడి చూడమన్నాడో అక్కడ నిలబడి, ఎటు చూడమన్నాడో అటు చూసి బటన్ నొక్కడం. ఫ్రేము ఆయనది, కరెంటు బిల్లు మనది. నెట్‌లో పల్లాడియన్ వంతెన, వెనక గుట్ట మీద గోథిక్ టెంపుల్ ఉన్న ఫోటో ఒక్కటి చూస్తే వెయ్యి చూసినట్టే. నీ ఫోటోలు ఫ్లెక్సీలా ఉన్నాయంటే కారణం లెన్సు కాదు తమ్ముడూ, ఆ తోట అసలు కట్టిందే ఫ్లెక్సీలా.

పాత_నికాన్
రాగం ఎవరో కట్టారని పాడటం మానేస్తామా మాస్టారూ? ముందు ఆ ఒక్కటీ సరిగ్గా తియ్యమనండి, ఆ తర్వాత సొంత గొంతు వెతుక్కుంటాడు.

బెత్తం_మాస్టారు
పాడమనే అంటున్నా. కరావొకే వద్దంటున్నా.

రీడింగ్_రమ
మాస్టారు చెప్పినదాంట్లో సగం నిజముంది. ఆ రోజుల్లో తోటల్ని తైలవర్ణ చిత్రాల్లా చూడటం ఫ్యాషను. క్లోడ్ లొరైన్ బొమ్మల్లో రోమన్ గుడి, నీళ్ళు, మసక వెలుగు ఉంటాయి కదా, నేల మీద అదే కావాలనుకునేవాళ్ళు. దానికోసం క్లోడ్ గ్లాస్ అనే పరికరం కూడా ఉండేది. చిన్న నల్లరంగు అద్దం, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. దృశ్యానికి వీపు తిప్పి నిలబడి, అద్దం ఎత్తిపట్టుకుని, అందులో చూడాలి. 1769లో థామస్ గ్రే అనే కవి లేక్ డిస్ట్రిక్ట్‌లో ఇలాగే అద్దంలో చూసుకుంటూ బురదదారిలో వెల్లకిలా పడ్డాడు. వేళ్ళ కణుపులు కొట్టుకుపోయాయి, అద్దం మాత్రం వదల్లేదు.

కోఠి_కుర్రోడు
అంటే సెల్ఫీ తీసుకుంట పడ్డ మొదటి మనిషి గాయనేనా అక్కా?

రీడింగ్_రమ
మనిషి సంగతి చెప్పలేను కానీ స్టోలో సెల్ఫీ కోతి ఉంది. నిజంగా. చెరువు మధ్య చిన్న దీవి మీద నాటకకర్త కాంగ్రీవ్ స్మారకం, 1736, కెంటే రూపకల్పన. చిన్న పిరమిడ్, దాని కొస మీద కోతి కూర్చుని చేతిలో అద్దం పట్టుకుని మొహం చూసుకుంటుంది. గట్టు మీంచి 200 లేకపోతే కోతి కనబడదు, ఏదో మొండి రాయి అనుకుని వెళ్ళిపోతారు.

కీన్స్_కెమెరా
నాలుగుసార్లు దాని ముందే కూర్చుని పులిహోర తిన్నాం. రాయి అనుకున్నాం.

సిక్కోలు_చిన్నోడు
గుళ్ళో దేవుడు లేడన్న అన్నకి ఒక మాట. దేవుడున్న ఉత్తుత్తి గుడి కూడా ఉంది. గ్లాస్టర్‌షైర్‌లో సీజిన్‌కోట్. ఈస్టిండియా కంపెనీలో సంపాదించుకొచ్చిన చార్లెస్ కాకరెల్ 1805 ప్రాంతంలో మొఘల్ గుమ్మటంతో ఇల్లు కట్టించుకున్నాడు. తోట వైపు పనిలో మన దేశమంతా తిరిగి బొమ్మలు గీసిన థామస్ డేనియల్ చెయ్యి ఉంది. అందులో సూర్యుడి గుడి ఉంది, వంతెన మీద వరసగా నందులున్నాయి. అరసవల్లి దగ్గర పుట్టినోడిని కదా, చూడగానే అప్రయత్నంగా చెప్పులు విప్పేశాను. పక్కనున్న ఇంగ్లీషావిడ "రాళ్ళు గుచ్చుకుంటాయి" అని కంగారుపడింది.

ఫోటో మాత్రం కుదర్లేదు. సూర్యుడి గుడి, పైన దట్టమైన చెట్లు, కింద తడి, వెలుగే లేదు. మా ఊళ్ళో మార్చిలో, అక్టోబరులో తెల్లారి కిరణాలు గాలిగోపురం లోంచి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. అక్కడ ఎండకి లెక్క ఉంది. ఇక్కడ స్వామి నీడలో చలికి వణుకుతున్నాడు. ఐఎస్ఓ 3200 పెట్టినా బొమ్మ చెదిరింది.

రీడింగ్_రమ
స్టోలో కూడా సూర్యుడున్నాడు తమ్ముడూ. వారంలో ఏడు రోజులకీ ఏడుగురు సాక్సన్ దేవుళ్ళని రైస్‌బ్రాక్ చెక్కాడు. ఆదివారం దేవుడి పేరు సున్నా. నవ్వకండి. తోటలో ఇప్పుడున్నది నకలు, అసలు సున్నా లండన్ వి అండ్ ఎ మ్యూజియంలో ఉన్నాడు.

కోఠి_కుర్రోడు
ఆదివారం పని గూడ సున్నానే కదా. మంచి పేరు పెట్టిండ్రు.

గోదారి_గట్టు
ఇంతకీ ఆ హా-హా ఏంటండి? స్టో గురించి ఎక్కడ చదివినా హా-హా హా-హా అంటారు, అంత నవ్వేముందక్కడ?

పాత_నికాన్
కందకం. తోట వైపు నిలువు గోడ, పొలం వైపు ఏటవాలు. ఇంట్లోంచి చూస్తే గోడ కనబడదు, గడ్డి ఒకటే పరుపులా పొలందాకా వెళ్ళినట్టుంటుంది, ఆవులు మాత్రం తోటలోకి రాలేవు. చార్లెస్ బ్రిడ్జ్‌మన్ స్టోలో తవ్వించాడు. నవ్వు దాంట్లో పడ్డవాడికి కాదు, చూసినవాడికి వస్తుంది. ఫోటోకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, పొలం వైపు కాస్త దిగి కిందనుంచి తీస్తే గోడ కనబడుతుంది, మోసం బయటపడుతుంది. మాస్టారు అడిగిన సొంత ఫోటో అదే.

బెత్తం_మాస్టారు
ఇప్పుడు దారికొచ్చారు.

కీన్స్_కెమెరా
ఇంకో అనుమానం. నా ఫోటోల్లో కట్టడాలన్నీ వెనక్కి పడిపోతున్నట్టుంటున్నాయి. లైట్‌రూమ్‌లో సరిచేస్తే పైన శిఖరం తెగిపోతోంది.

పాత_నికాన్
కెమెరా పైకెత్తితే ఏ గోడైనా వాలుతుంది. కెమెరాని నిటారుగా పెట్టు, ఎత్తకు. కింద గడ్డి ఎక్కువొస్తే రానియ్యి, తర్వాత కోసెయ్. అసలు మంచి మందు వెనక్కి నడవడం. కొరింథియన్ ఆర్చీ అరవై అడుగులు, దాని కాళ్ళ దగ్గర నిలబడి తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు. సరిచెయ్యక తప్పదనుకుంటే తీసేటప్పుడే నాలుగు పక్కలా చోటు వదులు. వాలు రాకుండా తీసే షిఫ్ట్ లెన్సు గురించి అడక్కు, దాని ధరకి ఇండియా వెళ్ళి రావచ్చు.

ఆర్చీ అంటే గుర్తొచ్చింది. ఇంటి మెట్ల మీంచి ఆర్చీ వైపు చూస్తే అది దక్షిణం. మధ్యాహ్నం ఎండ నీ కళ్ళలో పడుతుంది. నువ్వు వెళ్ళేదే పన్నెండుకి కాబట్టి తిరగబడు. ఆర్చీ వైపు నుంచి ఇంటిని తియ్యి. ఇంటి మొహం దక్షిణానికే, ఎండ నీ వీపు మీదుంటుంది.

రీడింగ్_రమ
అలా తీస్తే చెరువుకి అటూ ఇటూ రెండు చిన్న మంటపాలు కూడా వస్తాయి. వాన్‌బ్రా అనే వాస్తుశిల్పి కట్టినప్పుడు దగ్గర దగ్గరగా ఉండేవి. తర్వాతి తరం వాళ్ళు దృశ్యం ఇరుకుగా ఉందని రెంటినీ విప్పించి దూరంగా జరిపి కట్టించారు. మనం ఫోటోషాప్‌లో చేసే పని వాళ్ళు కూలీలతో చేయించారు.

బెత్తం_మాస్టారు
ఫోటోషాప్ అన్నారు కనక అడుగుతున్నా. కీన్స్ తమ్ముడి మొదటి ఫోటోలో ఆకాశం మార్చాడా లేదా? మధ్యాహ్నం నీడలు కిందుంటే పైన సూర్యాస్తమయం మబ్బులేంటి?

కీన్స్_కెమెరా
...మార్చాను.

కోఠి_కుర్రోడు
దొరికిండు. ఫ్లెక్సీ అయింది గందుకే.

రీడింగ్_రమ
పిల్లాణ్ణి అలా నిలదీస్తే ఎలా? ఆ తోటలో నిజం ఎంతుందని? మోడర్న్ వర్చ్యూ అని ఒక గుడిని మొదట్నుంచే శిథిలంగా కట్టించారు, లోపల తల లేని విగ్రహం పెట్టి. ఆ మొండెం ప్రధానమంత్రి వాల్పోల్‌దని అందరూ అనుకునేవారు. కాబ్‌హమ్‌కీ ఆయనకీ చెడింది. పక్కనే ఏన్షియంట్ వర్చ్యూ గుడి మాత్రం గుండ్రంగా, చెక్కు చెదరకుండా కట్టించి, హోమర్, సోక్రటీస్, లైకర్గస్, ఎపమినోండాస్‌లని నిలబెట్టాడు. పాతకాలం నీతి నిలబడింది, నేటి నీతి కూలిందని వెక్కిరింత. ఇప్పుడు ఆ వెక్కిరింత గుడి నిజంగానే పోయింది. విగ్రహాలు కూడా చాలావరకు నకళ్ళే. 1848లో ఆ వంశంలోని రెండో డ్యూక్ అప్పుల్లో మునిగి సామాను వేలమేశారు, 1920ల మొదట్లో మళ్ళీ అమ్మకం. ఇల్లు స్కూలైంది. తోట తర్వాత పాత కట్టడాలని కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికొచ్చాక ఒక్కొక్కటే బాగుచేసుకొస్తున్నారు.

నీలిమేఘం
ఎన్నాళ్ళుగానో చదువుతున్నాను, ఎప్పుడూ రాయలేదు. ఒక్క మాట. స్టో అని ఒక ఊరు ఉండేది. తోట పెరిగే కొద్దీ ఇళ్ళు తీసేశారు, జనం పక్కనున్న డాడ్‌ఫర్డ్ లాంటి చోట్లకి పోయారు. చర్చి మాత్రం పడగొట్టలేదు. చుట్టూ చెట్లు పెంచి దృశ్యంలోకి రాకుండా దాచేశారు. ఇప్పటికీ ఉంది. తోటంతా గుళ్ళే, అందులో నిజంగా ప్రార్థన జరిగిన ఒక్క కట్టడాన్నీ కనపడకుండా పెట్టారు. నాకు స్టోలో తియ్యాల్సిన ఫోటో అదొక్కటే అనిపిస్తుంది. మా తాతగారి ఊరు రిజర్వాయరు కింద ఉంది. అందుకేమో.

పాత_నికాన్
మంచి మాట. ముప్ఫై ఏళ్ళలో ఆ చర్చిని నేనొక్కసారీ తియ్యలేదు.

రీడింగ్_రమ
తర్వాత కాలంలో కేపబిలిటీ బ్రౌన్ అని పేరు పడ్డ లాన్సలాట్ బ్రౌన్ 1741లో స్టోకి తోటమాలిగా వచ్చాడు. 1744లో పెళ్ళి చేసుకున్నది ఆ చర్చిలోనే. @నీలిమేఘం మీరు ఇంకా రాయాలి.

బెత్తం_మాస్టారు
ఈ మాటతో నాకూ నికాన్ గారికీ తగువు తీరిపోయింది. ఆ చర్చిని ఎక్కడ నిలబడి చూడాలో ఏ కెంటూ చెప్పలేదు.

కోఠి_కుర్రోడు
మూడ్ బరువైంది, ఒక డౌటు. గా తోటల్ల సన్యాసిని జీతానికి పెట్టుకునేటోళ్ళంట కదా, నిజమేనా?

గోదారి_గట్టు
సరీ కౌంటీలో పెయిన్స్‌హిల్ తోట గురించి చెప్పుకునే కథండి. చార్లెస్ హామిల్టన్ కొండమీద కుటీరం కట్టించి, ఏడేళ్ళు ఉంటే ఏడువందల గినీలిస్తానన్నాడట. జుట్టు కత్తిరించకూడదు, గోళ్ళు తియ్యకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. మూడు వారాలకే మనిషి పబ్బులో దొరికాడట. నోటీసు పీరియడ్ కూడా చెయ్యలేదు.

అక్కడ క్రిస్టల్ గ్రోటో మాత్రం చూడాల్సిందే. చెక్క చట్రానికి స్ఫటికాలు వేల కొద్దీ అంటించి పైకప్పు నుంచి వేలాడే సున్నపు కొమ్ముల్లా చేశారు. లోపల చీకటి. ఫ్లాష్ వేస్తే పగిలిన ట్యూబులైటులా ఉంటుంది, వెయ్యకండి. చెరువు మీంచి వచ్చే వెలుగు కప్పు మీద కదులుతూ ఉంటుంది. కెమెరా రాతి అంచు మీద ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, మూడు సెకన్లు తెరిస్తే ఆ కదలిక పాలలా పరుచుకుంటుంది. ట్రైపాడ్ ఉంటే ఇంకా మేలు, కానీ ఇరుకు, వెనక క్యూ, ముందే అడగండి. గ్రోటో తెరిచే వేళలు కూడా తక్కువ, చూసుకుని వెళ్ళండి.

సిక్కోలు_చిన్నోడు
డ్రోన్ ఎగరెయ్యొచ్చా ఎక్కడైనా?

పాత_నికాన్
నేషనల్ ట్రస్ట్ స్థలాల్లో కుదరదు. మామూలుగా మన సరదాకి బయట తీసుకునే ఫోటోలకి అడ్డు లేదు. అమ్ముకోడానికైతే ముందు అనుమతి కావాలి. నాకు తెలిసినాయన ఒక ఎస్టేటులో ఎగరేసి, అది వెళ్ళి గుడి గుమ్మటం మీద కూర్చుంటే, నిచ్చెన వచ్చేదాకా మూడు గంటలు తలొంచుకుని బల్ల మీద కూర్చున్నాడు. చుట్టూ పిల్లలు, ఐస్‌క్రీములు. ఏ ఎస్టేటో అడక్కండి, ఆ "తెలిసినాయన" పేరు కూడా అడక్కండి.

గోదారి_గట్టు
అర్థమైందండి గురువుగారూ.

కీన్స్_కెమెరా
నిన్న ఆదివారం అయిదోసారి వెళ్ళొచ్చాను. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ముందు నష్టాలు. వాన. పెద్దది కాదు, బట్ట తడవదు కానీ లెన్సు తడుస్తుంది, ఆ రకం. అద్దె 70-200 పట్టుకెళ్ళాను. కోతిని పట్టాను, నిజంగానే అద్దం చూసుకుంటోంది! ఆనందంలో ఒక అడుగు ముందుకేస్తే గట్టు బురద, ఎడమకాలు మోకాలిదాకా దిగబడింది. కెమెరా పైకెత్తి పట్టుకున్నా. గ్రే గారి వారసుణ్ణి.

తర్వాత నికాన్ గారు చెప్పినట్టు ఏన్షియంట్ వర్చ్యూ గుడి స్తంభాల మధ్య కూర్చున్నా, ఇరవై నిమిషాలు. కింద సన్నటి నీళ్ళు, అవతలి గట్టున బ్రిటిష్ వర్దీస్, పదహారు అర్ధవిగ్రహాలు గూళ్ళలో వరసగా. షేక్‌స్పియర్, న్యూటన్, ఎలిజబెత్ రాణి, ఆల్‌ఫ్రెడ్ రాజు. 135 దగ్గర, ఎడమ పక్క నా స్తంభం నల్లగా, ముప్పావు స్టాపు తగ్గించి. మబ్బు రోజు కనక రాయి అన్ని చోట్లా మెత్తగా వచ్చింది. తడిసిన రాయి రంగే వేరు, తేనె కలిపినట్టుంది. ఆకాశం తెల్లగా చచ్చినట్టుంటే ఫ్రేములోంచి తీసేశా, మార్చలేదు మాస్టారూ.

అసలు సంగతి ఇప్పుడు. మా పాపకి తొమ్మిదేళ్ళు, విసుగొచ్చి వర్దీస్ గోడ వెనక్కి పరిగెత్తింది. "నాన్నా, ఇక్కడ కుక్క సమాధి ఉంది" అని అరుపు. వెళ్తే నిజమే. ముందు వైపు పదహారు మంది మహానుభావులు, వెనక వైపు గూట్లో సిన్యోర్ ఫీడో అనే గ్రేహౌండ్ గురించి శిలాశాసనం. చదువుతుంటే మనిషి గురించే అనిపిస్తుంది. ఇటలీ నుంచి వచ్చిన మంచి వంశస్థుడు, తన దేశస్థుల్లో చాలామందిలా మనల్ని కరవడానికి రాలేదు, నిజాయతీగా బతుకుతెరువు వెతుక్కోడానికి వచ్చాడు, పెద్దల మధ్య బతికినా ఏ చెడ్డ గుణాన్నీ నేర్చుకోలేదు, పొగడలేదు... చివర్లో మనిషి కాదు కుక్క అని తేలుస్తారు. వీసా అప్లికేషన్‌లో నా గురించి నేను రాసుకున్నదీ దాదాపు ఇదే.

అక్షరాలు లోతు లేవు, గూట్లో నీడ, నేరుగా తీస్తే ఒట్టి బూడిద రంగు పలక. పాప ఫోన్ టార్చి వెలిగించి రాతికి పక్కగా ఆనించి పట్టుకుంది. అంతే, ఒక్కో అక్షరం గాడిలో నీడ నిండి లేచి నిలబడింది. నాచు వెంట్రుకలు కూడా కనిపించాయి. ఫ్రేము అంచున దాని వేలు, గోరు మీద సగం ఊడిన గోరింటాకు వచ్చాయి. కోసెయ్యలేదు.

మా ఆవిడ ఆ ఫోటో చూసి "ఇదెక్కడ? మనమెప్పుడు వెళ్ళాం?" అంది.

పాత_నికాన్
ఆ టార్చి ఫోటో ప్రింటు తియ్యి, మ్యాట్ కాగితం మీద. స్తంభం ఫోటో బాగుంది కానీ ఎడమ నలుపు ఇంకా సగం చాలు.

బెత్తం_మాస్టారు
వేలు ఉంచావు చూడు, అక్కడ పాసయ్యావు.

నీలిమేఘం
చర్చి దగ్గరికి వెళ్ళారా?

కీన్స్_కెమెరా
@నీలిమేఘం వెళ్ళానండి. చెట్ల మధ్య నుంచి ఎంత తిరిగినా గోడ ఒక ముక్క, గంటగోపురం ఒక ముక్క. మొత్తం ఎక్కడా దొరకదు. ముక్కలే తీశాను. రేపు పెడతాను.

కోఠి_కుర్రోడు
మీరందరు ఇంగ్లండ్ల తిరుగుతున్నరు, నేను గీడ కోఠి ఉమెన్స్ కాలేజీ చూసొచ్చిన. పాత రెసిడెన్సీ, బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించింది. ముంగట గవే కొరింథియన్ స్తంభాలు, మస్తు పెద్దగ. తోటల బేగం ఖైరున్నీసా కోసం గదే బంగ్లా బొమ్మ చిన్నగ కట్టించిండంట. పరదా వల్ల ఆమె ముంగటికి పోయి చూడలేదు, గందుకు బొమ్మ. గిది ఫాలీ కాదా రమక్కా?

రీడింగ్_రమ
ఉత్తుత్తిది అనలేను తమ్ముడూ. కానీ దాని ఫోటో పెట్టు, పడుకుని తియ్యి, బొమ్మ బంగ్లా కదా, కళ్ళ ఎత్తు చీమదై ఉండాలి.

గోదారి_గట్టు
77 ఎంఎం పోలరైజర్ ఒకటుందండి. రెండుసార్లే వాడాను. గీతల్లేవు. నీళ్ళలో గుళ్ళు అక్కర్లేనివాళ్ళు ఎవరైనా తీసుకుంటారా?